ఆ రోజు దవాఖానకు ఎవరు తీసుకుపోయారు?

మట్టి పిసికి మనిషిని చేసి, వాడికి నోరిచ్చి, ఆ నోటికి అడిగే తెలివి కూడా ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. సమస్తం తెలిసి కూడా అడగటం మానని దేవునికి స్తోత్రం. తప్పు చేసి తోటలో చెట్ల చాటున దాక్కున్న మొదటి మనిషిని ఆయన, ఎక్కడున్నావని అడిగాడు. అంతే. ఒక మనిషి, ఒక చోటు, ఒక జవాబు. "మానవ పతనం: కారణాలు, ఫలితాలు, పరిష్కార మార్గాలు – ఒక సమగ్ర పరిశీలన" అని అడగలేదు. అలా అడిగి ఉంటే ఆ మనిషి ఇప్పటికీ ఆ చెట్ల వెనకే కూర్చుని ముందుమాట రాస్తూ ఉండేవాడు. మనం పుట్టేవాళ్లమే కాదు.

వారమంతా నేను వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాను. ఆదివారం గోపాల్‌పేట దగ్గరి మా సంఘంలో పిల్లలకు సండేస్కూలు చెబుతాను. రెండు చోట్లా నా పని ప్రశ్నలతోనే. సండేస్కూల్లో ఏ ప్రశ్నకైనా జవాబు యేసయ్యే కాబట్టి పిల్లలు ప్రశ్న పూర్తిగా వినరు. ఒకసారి మందిరం కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారని గట్టిగా అడిగితే, వెనక వరసలో ఒకడు అలవాటు కొద్దీ "యేసయ్య" అన్నాడు. కాలేజీలో పరిస్థితి ఇంకొంచెం మెరుగు. అక్కడ అసలు ప్రశ్నే ఉండదు. జవాబులు మాత్రం స్పైరల్ బైండింగ్ చేసి ఉంటాయి.

చివరి సెమిస్టరులో ప్రతి విద్యార్థి ఒక ప్రాజెక్టు వ్యాసం రాయాలి. దానికి ముందు ఒక పరిశోధన ప్రశ్న రాసి, కమిటీ ముందు నిలబడి ఒప్పించాలి. నిబంధన మంచిదే. మా కాలేజీ వాళ్లు దాన్ని ఎంత గౌరవిస్తారంటే, దాని జోలికే పోరు. బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు సెంటరులో పాత ప్రాజెక్టులు సిద్ధంగా ఉంటాయి. అట్ట మీద పేరు మార్చి ఇస్తారు. నేను ఒకసారి ప్రశ్నపత్రాలు తీయించడానికి పోతే, అక్కడి కుర్రాడు నన్ను ఎవరి తల్లో అనుకున్నట్టున్నాడు, "ఏం కావాలె మేడం, వలసలా, మహిళా సాధికారతా, ప్లాస్టిక్ నిషేధమా?" అని మర్యాదగా అడిగాడు. వలసలకు గిరాకీ ఎక్కువట. ఆ లెక్కన పాలమూరు వలసల సమస్యను మా కాలేజీ ప్రతి ఏడూ పరిష్కరిస్తూనే ఉంది. పుణె పోయే బస్సులకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అవి ఇప్పటికీ నిండుగానే పోతున్నాయి.

ఆ బస్సుల్లో పోయేవాళ్ల బిడ్డ ఒకతి నా దగ్గరికి వచ్చింది. మా సంఘం పిల్లే. ఒకప్పుడు నా సండేస్కూల్లో చదివింది. కాలేజీలో నన్ను మేడం అంటుంది, మందిరంలో అక్కా అంటుంది, బస్సులో ఏమనాలో తెలియక ఊరికే నవ్వుతుంది. వాళ్ల అమ్మానాన్నలు పంటల పని లేని నెలల్లో పుణెకు పోయి, కట్టే భవనాల దగ్గర పని చేస్తారు. ఊళ్లో కూలీలను గుంపుగా కట్టి అక్కడికి తీసుకుపోయేవాణ్ని మా వైపు గుంపు మేస్త్రీ అంటారు. వీళ్ల గుంపు మేస్త్రీ కూడా మా సంఘస్థుడే. మందిరానికి మైకు సెట్టు ఇచ్చింది ఆయనే. అందుకే మొదటి వరసలో, ఫ్యాను కింద కూర్చుంటాడు.

ఈ పిల్లకు నాగర్‌కర్నూల్‌లో బీఎడ్ చదవాలని ఉంది. ప్రాజెక్టు ఒప్పుకోకపోతే డిగ్రీ మెమో రాదు. మెమో లేకపోతే సీటు లేదు. సీటు లేకపోతే ఏం చేయాలో మేస్త్రీ ముందే ఆలోచించి పెట్టాడు. గుంపుకు వంట చేయడానికి ఒక పిల్ల కావాలని, చదువు ఎట్లాగూ అయిపోయింది గదా అని, వాళ్ల నాన్నతో అన్నాడట. నాన్న ఏమీ అనలేదట. ఆయన ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె మొదట తెచ్చిన కాగితం మీద "భారతదేశంలో వలస కూలీల సమస్యలు – ఒక సమగ్ర పరిశీలన" అని ఉంది. చేతిరాత ముత్యాల్లా ఉంది. బస్‌పాస్ ఎక్కడి దాకా ఉందని అడిగాను. గోపాల్‌పేట దాకా అంది. "అయితే నీ భారతదేశం గూడ గోపాల్‌పేట దాకే," అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ శీర్షిక మీద ఆమె ఒక వారం పెట్టింది మరి.

రెండోసారి భారతదేశాన్ని వదిలేసి వచ్చింది. ఈసారి ప్రశ్నార్థకం కూడా పెట్టింది. "దేవుని మీది విశ్వాసం వలస కూలీలను అపాయాల నుంచి ఎలా కాపాడుతోంది?" చదివి నాకు సంతోషమే కలిగింది. కాపాడుతుందనే నేనూ నమ్ముతాను. ఆ నమ్మకంతోనే బతుకుతున్నాను. కానీ జవాబు కడుపులో పెట్టుకుని పుట్టింది ప్రశ్న కాదు, పాట. పాటైతే ఆదివారం తబలా పెట్టుకుని పాడుకుందాం, కమిటీ దాకా ఎందుకు అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. మూడోసారి వచ్చిన కాగితం మీద ఆ కోపమే ఉంది. "గుంపు మేస్త్రీలు కూలీలను ఎందుకు పట్టించుకోరు?" అని.

ఇది కూడా పాటే అన్నాను. రాగం మారింది, అంతే. పట్టించుకోరని నువ్వే తీర్పు చెప్పేశావు, ఇక కూలీలను సాక్షులుగా పిలవటం దేనికి? అడగక ముందే తీర్పు రాసి పెట్టుకునేవాళ్లు లేఖనంలో కూడా ఉన్నారు, వాళ్లకు మంచి పేరేమీ రాలేదు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, జిరాక్సు సెంటరులో ఎంత తీసుకుంటారో నాకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో పుణె నుంచి తిరిగొచ్చినవాళ్లు నిలబడి, దేవుడు చేసిన మేలు చెప్పి, స్తోత్రం అనిపించి కూర్చుంటారు. ఒక సహోదరుడు కర్ర ఊతంతో లేచాడు. మూడో అంతస్తు సెంట్రింగ్ చెక్కల మీది నుంచి పడ్డాడట, కాలులో రాడ్డు వేశారట, ప్రాణం దక్కిందట. అందరం స్తోత్రం అన్నాం. మేస్త్రీ అందరికన్నా గట్టిగా అన్నాడు. మైకు ఆయనదే కదా, ఆయన గొంతుకు ఆ మైకు కూడా అక్కర్లేదు.

తిరిగి పోతుంటే బస్టాపు దగ్గర ఆ పిల్ల నెమ్మదిగా అంది:

"అక్కా, ఆయన పడ్డదాకా చెప్పిండు, ఆపరేషన్ సంగతి చెప్పిండు. నడుమల ఏమైందో చెప్పలే. దవాఖానకు ఎవరు తీస్కపోయిండ్రు?"

"నీకు తెల్వదా?"

"తెల్వదు. మా నాయిన గూడ పడ్డడు గద పోయినేడు. ఆయన సాక్ష్యంల గూడ ఆ ముచ్చట లేదు."

బ్యాగులో కాగితం ఉందా అని అడిగాను.

బస్సు ఆలస్యంగా వచ్చింది, అందుకు కూడా దేవునికి స్తోత్రం. ఆ లోపల ఆ ఒక్క వాక్యాన్ని ఇద్దరం కలిసి చెక్కాం. ఎవరిని? దెబ్బ తగిలినవాళ్లను. ఎక్కడివాళ్లు? మన సంఘం వాళ్లు మాత్రమే, ఎందుకంటే వాళ్ల గడప ఎక్కి అడగగలదు. ఎక్కడ తగిలిన దెబ్బ? పుణె పనిలో. ఎప్పుడు తీసుకుపోయారు? ఆ రోజే, మర్నాడు కాదు. కుల సంఘాలు, ప్రభుత్వ పథకాలు, పట్టణీకరణ కూడా పెడదామా అని ఆమె ఆశగా అడిగింది. బస్సులో చోటు లేదన్నాను. చివరికి మిగిలింది ఇది: మా సంఘంలో, పుణె పనిలో దెబ్బ తగిలినవాళ్లను ఆ రోజు దవాఖానకు ఎవరు తీసుకుపోయారు?

కమిటీలో ముగ్గురు. మా విభాగాధిపతి, బయటి నుంచి పిలిచిన ఒక విశ్రాంత ఆచార్యుడు, నేను. ఆచార్యుడికి శాలువా కప్పాం, బిస్కెట్లు పెట్టాం. ఆయన జీవితమంతా సమగ్రంగా పరిశీలించినవాడు. ఆయన ముఖంలోనే ఒక ఉపసంహారం కనబడుతుంది. ఆ పూట వచ్చిన ప్రాజెక్టులన్నీ వరసగా ఒప్పుకున్నాడు. ప్రపంచీకరణ ఒకటి, మహిళా సాధికారత రెండు, ప్లాస్టిక్ ఒకటి. ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగటానికి అందులో ఏమీ లేదు కూడా.

మా పిల్ల ప్రశ్న చదివాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది పరిశోధన ప్రశ్నలా లేదమ్మా. పోలీసు ఎంక్వైరీలా ఉంది. ఒక్క ఊరు, ఒక్క సంఘం... కొంచెం విస్తృతం చేయాలి. రాష్ట్ర స్థాయికి తీసుకుపో."

"బస్‌పాస్ లేదు సార్," అంది ఆమె.

నేను కిటికీ వైపు చూశాను. విభాగాధిపతి దగ్గాడు. ఆచార్యుడు పట్టు విడవకుండా, నీ పరికల్పన ఏమిటి, అంటే జవాబు ఏమొస్తుందని నువ్వు అనుకుంటున్నావు అని అడిగాడు.

"తెల్వదు సార్. తెలిస్తే ఎందుకు అడుగుత?"

ఆ గదిలో ఒకరు తెలియదని చెప్పగా నేను వినటం అదే మొదలు. విభాగాధిపతి ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. అటువంటి జవాబుకు ఫారంలో గడి లేదు. చివరికి ఇద్దరూ చెవులు కొరుక్కుని ఒక షరతు పెట్టారు. ఇట్లాంటి ప్రశ్నకు జవాబులు దొరుకుతాయని నమ్మకం లేదు కాబట్టి, సోమవారం లోపల ఐదుగురి జవాబులు తెచ్చి చూపించాలి. దొరికితే సరే. లేకపోతే వచ్చే ఏడాది ఇంకో మంచి అంశంతో రావాలి. వచ్చే ఏడాది ఆమె పుణెలో ఎన్ని జొన్న రొట్టెలు కాలుస్తూ ఉంటుందో ఆ ఇద్దరికీ తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా వాళ్లకు లేదు.

శనివారం సాయంత్రం పాస్టరుగారి దగ్గరికి అనుమతికి పోయాం. ఆయన మంచివాడు. మంచివాళ్లకు ఉండే భయాలన్నీ ఉన్నవాడు. ప్రశ్న చదివాడు, మైకు సెట్టు వైపు చూశాడు, మళ్లీ ప్రశ్న చదివాడు.

"ఇందుల మేస్త్రీ అన్న మాట ఉన్నదా?" అన్నాడు.

లేదన్నాను.

"ఎవ్వరి మీద నేరం మోపుతలేరు గద?"

"ఎవరు తీస్కపోయిండ్రని అడుగుతున్నం పాస్టరుగారు. తీస్కపోయినోళ్లకు అది పొగడ్తే గద," అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించి, పొగడ్తకు అభ్యంతరం చెప్పటం వాక్యానుసారం కాదనుకున్నాడేమో, సరే కానిమ్మన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. ఆమె కోపంతో రాసిన మూడో కాగితం తెచ్చి ఉంటే, ఆ గుమ్మం దాటేది కాదని ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, షెడ్డు కింద చాయ్ తాగుతున్నవాళ్ల దగ్గర కూర్చుని ఆమె అడగటం మొదలుపెట్టింది. కర్ర ఊతం సహోదరుడితో మొదలు.

"అన్నా, ఆ దినం నిన్ను దవాఖానకు ఎవరు తీస్కపోయిండ్రు?"

"ప్రభువే తీస్కపోయిండమ్మా," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు స్తోత్రం అన్నారు. రెండో ఆయన వేలు తెగినవాడు. ఆయన్నీ ప్రభువే తీసుకుపోయాడు. మూడో ఆయన్నీ అంతే. ఒకామె మీద ఇసుక బస్తా పడిందట. ఆమెనైతే ప్రభువు రెక్కల మీద మోసుకుపోయాడు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఏ ప్రశ్నకైనా ఒకటే జవాబు చెప్పేలా పిల్లలను తయారుచేసిన గొప్ప ఉపాధ్యాయులం మేము. మా పంట ఎంత బాగా పండిందో కళ్లారా చూశాను. సోమవారం ఆ ఆచార్యుడి ముందు ఈ జవాబులు పెడితే ఆయన ప్రభువు సంతకం అడుగుతాడు.

పిల్ల ముఖం చిన్నబోయింది. మొదటి వరసలోంచి లేచి వచ్చిన మేస్త్రీ చెప్పులు వేసుకుంటూ వింటున్నాడు. ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. ప్రభువు పేరు మీద ఇన్ని పనులు జరిగిపోతుంటే ఎవరికి మాత్రం శాంతి ఉండదు?

ఐదోది ఒక ముసలామె. కొడుకుతో పాటు పోయి, మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమె కూడా ప్రభువే అంది. ఆ పిల్ల ఆమె ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ప్రభువే తీస్కపోయిండు పెద్దమ్మా. నేను గాదంటలేను. ఏ బండిల పంపిండు?"

ముసలామె, ఎవరో మూత తీసినట్టు, మొదలుపెట్టింది.

"బండా? బండి ఏడిది బిడ్డా? గాడ భేల్‌పూరి అమ్మేటోడు ఉండె. వాని తోపుడుబండి మీది గిన్నెలన్ని దించి నన్ను పండవెట్టిండు. దారి పొడుగునా ఉల్లిగడ్డ వాసన. వానికి మన మాట రాదు, నాకు వాని మాట రాదు. నేను అమ్మో అంటే వాడు గూడ అమ్మో అన్నడు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో షెడ్డు కింద గాలి మారింది. కర్ర ఊతం సహోదరుడు, తన సంగతి మళ్లీ రాసుకోమని ఆ పిల్లను పిలిచాడు. ప్రభువు ఆయనకు ఇసుక దింపి ఖాళీగా పోతున్న టెంపోను పంపాడు. మూడో ఆయనకు పాలవ్యానును, వేలు తెగిన ఆయనకు బీహారు కుర్రవాణ్ని పంపాడు. వాడు తువ్వాలు చుట్టి, సైకిలు మీద కూర్చోబెట్టుకుని పోయాడు. ఇసుక బస్తా ఆమెను రెక్కల మీద మోసింది వాచ్‌మన్ భార్యట. ఆటో దాకా వీపున వేసుకుని పోయిందట. ఆమె చీర రంగు కూడా చెప్పింది. దేవుని సైన్యం ఇంత పెద్దదని ఇన్నేళ్ల సాక్ష్యాల్లో మాకు తెలియనే లేదు. ఆ సైన్యంలో ఎవరున్నారో ఆ పిల్ల వరసగా రాస్తూ పోయింది. ఎవరు లేరో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా రాలేదు.

మేస్త్రీ ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవడం మరిచి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దగ్గరికి వచ్చాడు.

"ఏంది బిడ్డా, అందర్ని అడుగుతున్నవు. నన్ను అడగవా?"

ఆమె లేచి నిలబడింది. మర్యాద తప్పలేదు.

"దెబ్బ తగిలినోళ్లనే అడుగుతున్న మామా. మీకు తగల్లే గద."

ఆయన పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు ఎంతో శ్రద్ధగా మైకు వైరు చుట్టుకుంటున్నాడు.

ఇక వాళ్ల నాన్న ఒక్కడే మిగిలాడు. గోడకు ఆనుకుని కూర్చుని, ఖాళీ గ్లాసును చేతుల్లో తిప్పుతున్నాడు. ఆయన్ను అడగకపోయినా ఐదుగురు అయ్యారు, కమిటీకి అది చాలు. నేను ఆమెకు ఆ మాట సైగ చేశాను. ఆమె చూడలేదు, చూసినా లెక్కచేయలేదు. పోయి నాన్న పక్కన కూర్చుని, అందర్నీ అడిగినట్టే అడిగింది. నాయినా, నిన్ను ఏ బండిల పంపిండు అని.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నడిచిపోయిన బిడ్డా. పక్కటెముకలు పట్టుకొని, గోడలు పట్టుకొని పోయిన. పని ఆగొద్దని ఎవ్వరు రాలే." బిడ్డ చేతిలోని కాగితం వైపు చూశాడు. "ప్రభువు గూడ నాతోనే నడిచిండు. ఇద్దరికి ఆటో దొరకలే."

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ఆమె తలవంచుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది. రాసిందాన్ని ఆయనకు చదివి వినిపించింది. ఆయన తలూపి, "వంట పనికి నువ్వు రావద్దులే. చదువుకో," అన్నాడు. అది మేస్త్రీకి వినబడేటట్టే అన్నాడు.

సోమవారం కమిటీ మళ్లీ కూర్చుంది. ఆచార్యుడు కాగితాలు తిప్పుతూ, తోపుడుబండి దగ్గర నవ్వాడు, టెంపో దగ్గర తలూపాడు. చివరి కాగితం దగ్గర ఆగాడు. ఆ ఆగటం మాత్రం నేను ఆయన పట్ల గౌరవంగానే చెబుతున్నాను. అప్పుడు బిస్కెట్ల పళ్లెం పక్కకు జరిపాడు. తరువాత ఆయనలోని పండితుడు మేలుకొని, జవాబులు దొరుకుతున్నాయి కాబట్టి ప్రశ్న ఒప్పుకుంటున్నామని, అయితే శీర్షిక చివర "ఒక పరిశీలన" అని తగిలించాలని, లేకపోతే పైవాళ్లు దీన్ని ప్రాజెక్టు అనుకోరని చెప్పాడు. తగిలించాం. దానివల్ల ప్రశ్నకేమీ దెబ్బ తగల్లేదు. ఆమె కమిటీ సంతకాలు పడిన కాగితం పట్టుకుని మెట్లు దిగుతూ, ఇంకా ఎంతమందిని అడగాలో వేళ్ల మీద లెక్కపెట్టుకోవటం మొదలుపెట్టింది.

ఆ నెలాఖరులో గుంపు మళ్లీ పుణె బస్సు ఎక్కింది. వాళ్ల నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, అదే మేస్త్రీ ఉన్నాడు. వేరే మేస్త్రీ ఎక్కడున్నాడు గనుక? వంటకు ఇంకెవరినో చూసుకున్నారు. ఆమె వనపర్తి హాస్టల్లో ఉండి వ్యాసం రాస్తోంది. బీఎడ్ ప్రవేశ పరీక్ష దగ్గర పడుతోంది.

ఇది చదివినవారు ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. ప్రభువా, ఈ పిల్లకు నాగర్‌కర్నూల్‌లో సీటు ఇయ్యి. ఆమె వ్యాసం అయ్యేదాకా ఆమె అడిగే ప్రతి గడపలో మనుషులను ఇంట్లో ఉంచు. అక్కడ గోడల మీద, కర్రల మీద నిలబడి ఉన్న ఆమె అమ్మానాన్నల పాదాలు జారకుండా పట్టుకో. జారితే, ఆ గంటలోనే ఆ మేస్త్రీకి కాళ్లు ఇయ్యి, ఆయన గుండెను మెత్తగా చెయ్యి. ఆయన మా సంఘస్థుడే, ఆయన్ను మేము వదులుకోలేదు. మీరు కూడా వదులుకోకుండా ఆయన కోసం అడగండి. మీ నోటితో మీరే ఆమేన్ అనండి.